గోడవతలి సెన్సర్

“ఒరేయ్, ఈ చీకట్లో గోడవతలికి వెళ్లకు. నా మనసేం బాగాలేదు,” అంది తల్లి.

“నీ మనసెప్పుడు బాగుంది గనక? నువ్విక్కడే ఉండి ఈ వాకిలి లైటు చూస్తుండమ్మా,” అని ఎలక్ట్రీషియన్ కొడుకు గోడెక్కి అవతలికి దిగాడు. అక్కడున్నది చీకటి పడగానే లైటు వెలిగించి, వెలుతురు తగిలితే ఆర్పేసే సెన్సర్. లైటు వెలుగు దానిమీద పడకూడదని అవతలివైపే బిగించాడు. అయినా నాలుగు రోజులుగా లైటు ఊరికే ఆరిపోతోంది.

“నల్లటేపు చుట్టేశానమ్మా. ఇక దీనికి పట్టపగలైనా రాత్రే,” అని కేకేశాడు. లైటు వెలిగింది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

అంతలోనే ఆరిపోయింది.

“టేపు ఊడిందేంట్రా?”

 ఆమె గోడ దగ్గరికి వెళ్లి మళ్లీ మళ్లీ పిలిచింది. ఎంతసేపటికో కొడుకు గొంతే పలికింది.

“ఊడలేదండీ అమ్మగారూ. మీరూ ఇటు రండి.”