గాలి కనిపెట్టే పిట్ట

పంజరం తలుపు తెరిచి ఉంది. లోపల పిట్ట లేదు.

అచ్యుతరావు వంగి మంచం కింద కూడా చూశాడు. అరబ్బుదేశపు ధహ్రాన్‌లోని ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. వెనక గదిలో ఇంజినీరు తను, ముందు గదిలో డ్రైవర్ నవాజ్. అనుమానం తిన్నగా ముందు గదికే వెళ్లింది.

ఇరాక్‌తో యుద్ధం మొదలవుతూనే తన దేశం వెళ్లిపోయిన జర్మన్ ఇంజినీరు ఒకడు ఆ పసుపుపచ్చ పిట్టనూ, ఓ పాత పుస్తకాన్నీ ఇచ్చిపోయాడు. రెండు వందల ఏళ్ల కిందట జర్మనీలో అడవులు చూసుకునే పెద్దమనిషి ఒకాయన, ఇంటినిండా పిట్టల్ని పెంచి, వాటి తిండీ జబ్బులూ రాసిపెట్టిన పుస్తకం. గాలి చెడితే మనిషికన్నా ముందు పిట్టకే తెలుస్తుందని అచ్యుతరావుకు దాన్ని చదివాకే బోధపడింది. ఇరాక్ క్షిపణుల్లో విషవాయువు ఉంటుందని ఊరంతా హడలిపోతున్న రోజులాయె. పంజరం అతని మంచం పక్కకు చేరింది.

అచ్యుతరావుకు ఆఫీసువాళ్లు మాస్కు ఇచ్చారు. నవాజ్‌ను పనికి తెచ్చుకున్న కఫీల్ మాత్రం మాస్కు మాటెత్తితే "బుక్రా, బుక్రా" అని రేపటికి తోసేస్తున్నాడు. మాస్కు లేనివాడికి పిట్ట మీద కన్నుపడదా మరి?

అచ్యుతరావు వెళ్లి నవాజ్ మంచం కింద వెతికాడు. పెట్టె తెరిపించాడు. ఈక కూడా దొరకలేదు.

"నా పిట్టేదయ్యా?"

"ఎగిరిపోయింది సార్."

"గడియ అదే తీసుకుందా?"

నవాజ్ తెరిచిన పెట్టె మూసి మంచం కిందికి తోశాడు.

"ఏ స్నేహితుడి గదిలో దాచావు? రాత్రికి నువ్వూ అక్కడికే చేరదామనా?"

ఇంతలో సైరన్ మోగింది. అచ్యుతరావు మాస్కు తగిలించుకుని మూలకు ఒదిగాడు. నవాజ్ తలుపు సందులకు టేపు అంటించి, తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఎక్కడో ఢామ్మంది. కిటికీలు అదిరాయి. ప్రాణాలు అరచేతిలో ఉన్నా అచ్యుతరావు కళ్లు మాత్రం నవాజ్ మీదే ఉన్నాయి.

ఆపద తప్పిందని సైరన్ మళ్లీ కూయగానే మాస్కు లాగేసి తగులుకున్నాడు.

"పిట్ట ఉండుంటే ఇంత భయం ఉండేది కాదు. ఏం చేశావు దాన్ని?"

"పొద్దున మిద్దెక్కి ఇడిసిపెట్టినా సార్. సదఖా, దానం మాదిరి. గండమొస్తే మా కడపలో ఇట్లే చేస్తాము. పిట్టతోపాటే గండమూ ఎగిరిపోతాది."

"ఓహో. నీ ప్రాణం దక్కాలని నా పిట్టను వదిలేశావన్నమాట."

నవాజ్ తడి తువ్వాలు పిండి తలుపు రెక్క మీద ఆరేశాడు.

"పిట్ట మీది కద సార్. మీ పేరు చెప్పే ఇడిసిపెట్టినా."