మలిస్ చెప్పని పేరు

అనాథాశ్రమం గేటు సందులోంచి లోపలికి వచ్చిన చేతిని మారిత్ విసురుగా తోసేసింది.

అరిటాకు విడిపోయి తాటి కుడుము మట్టిలో పడింది.

"పిల్లలకి బయటి తిండి పెట్టొద్దన్నానా లేదా?"

కుడుములు అమ్ముకునే ఆవిడ వంగి కుడుము తీసుకుని, మట్టి దులిపి బుట్టలో వేసుకుంది. వసారాలో నిలబడ్డ చిన్నపిల్ల మలిస్ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మారిత్‌ది నార్వే. స్కూలు చదువు అయిపోయింది, కాలేజీలో చేరడానికి ఇంకా ఏడాది ఉంది. ఈలోగా గుళ్ళు చూడొచ్చు, అనాథలకి చదువూ చెప్పొచ్చు అని థాయ్‌లాండ్ పొరుగు దేశంలోని సియెమ్ రీప్ వచ్చింది. పందొమ్మిదేళ్ళ వయసులో లోకాన్ని బాగుచేయడానికి ఏడాది చాలుననే అనిపిస్తుంది.

ఐదు నెలల్లో ఊరి భాష పట్టేసింది. నేర్పింది ఎనిమిదేళ్ళ మలిసే.

"ఎవరవ్వా ఆవిడ? రోజూ వస్తుంది" అని వంటచేసే ఫాన్ అవ్వని మారిత్ అడిగింది.

"నన్నడక్కు తల్లీ. నా కూడు కూడా ఈ పొయ్యి మీదే ఉడకాలి."

అనాథాశ్రమం నడిపే రతనక్ మాత్రం అడగ్గానే చెప్పాడు.

"పిల్లల్ని సరిహద్దు దాటించి అమ్మేసే రకం. ముందు తిండి పెట్టి మచ్చిక చేసుకుంటుంది. నువ్వున్నావనే నాకు ధైర్యం."

మారిత్ పొంగిపోయింది.

ఒకరోజు జడ వేయించుకుంటూ మలిస్ అడిగింది.

"టీచరమ్మా, ఒకటి చెప్తే ఎవరికీ చెప్పరుగా?"

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

"కుడుములావిడ ఇప్పుడు వెనక కంచె దగ్గరికి వస్తోంది. మీరు బజారుకెళ్ళినప్పుడు. రేపూ వస్తానంది."

మారిత్ ఆ సాయంత్రమే రతనక్‌కి చెప్పేసింది. ఒట్టు కంటే పిల్ల ప్రాణం ముఖ్యం కదా!

మర్నాడు ఇద్దరు పోలీసులు కంచె పక్కన మాటు వేసి, ఆవిడని బుట్టతో సహా పట్టుకున్నారు.

"ఈ పిల్లతో నీకేం పని?"

ఆవిడ మలిస్‌ని చూసింది. పిల్ల భుజం గట్టిగా పట్టుకుని నిలబడ్డ రతనక్‌ని చూసింది. నోరు విప్పలేదు.

"చూశావా? తప్పుచేసినవాళ్ళకి నోరెలా పెగులుతుంది!" అన్నాడు రతనక్.

మళ్ళీ ఈ ఛాయలకి రానని వేలిముద్ర వేయించుకుని వదిలేశారు.

మలిస్ ఏడవలేదు. మారిత్ దగ్గరికి వచ్చి, "ఒట్టు వేశారుగా" అంది. అంతే. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేసింది.

మారిత్‌కి చాలా బాధేసింది. పెద్దయ్యాక తనే అర్థం చేసుకుంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

ఫాన్ అవ్వ గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టింది.

"కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం!"

"ఏమన్నావవ్వా?"

"అన్నం మాడిందన్నాను."

నెల తిరిగేసరికి పెద్దల పక్షం వచ్చింది. ఆ పదిహేను రోజులూ చనిపోయినవాళ్ళు ఆకలితో ఏడు గుళ్ళు వెతుక్కుంటూ తిరుగుతారు. తమవాళ్ళు వచ్చి భిక్షువు చేత పేరు చదివిస్తేనే వాళ్ళకి ఇంత ముద్ద అందేది.

రతనక్ పిల్లలందరికీ తెల్లబట్టలు తొడిగించి, గుళ్ళో వరసగా కూర్చోబెట్టాడు. వెనక విదేశీ దాతలు కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. భిక్షువు ఒక్కొక్కరినీ అడిగి, పోయినవాళ్ళ పేర్లు చదువుతున్నాడు.

మలిస్ వంతు వచ్చింది.

"నాన్న పేరు?"

"సంబాత్."

"అమ్మ పేరు?"

మలిస్ పలకలేదు.

"చెప్పవే, దొరలు చూస్తున్నారు" అన్నాడు రతనక్ పళ్ళ బిగువున.

మారిత్ వచ్చి పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"చెప్పమ్మా. పేరు చదవకపోతే మీ అమ్మ పాపం ఆకలితో గుళ్ళన్నీ తిరుగుతూనే ఉంటుంది."

నెల రోజుల తర్వాత మలిస్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది.

"మా అమ్మ ఏ గుళ్ళూ తిరగట్లేదు టీచరమ్మా, మీరు పోలీసులకి పట్టించాక చెరకు నరకడానికి థాయ్‌లాండ్ వెళ్ళిపోయింది."