చలికి మొరాయించే షట్టర్

నోరీన్ అనే ఆ పెద్దావిడ కెమెరా తెచ్చి కౌంటర్ మీద పెట్టడం అది మూడోసారి.

"మళ్ళీ అదే జబ్బు బాబూ. ఫోటోలో సగం నల్లగా వస్తోంది."

ఆల్విన్ తల గోక్కున్నాడు. ఆస్ట్రేలియా దక్షిణపు కొసన ఉన్న హోబార్ట్ ఊరు మొత్తానికి పాత ఫిల్మ్ కెమెరాలు బాగుచేసేవాడు అతనొక్కడే. ఆ సంగతి ఊరికంటే అతనికే ఎక్కువ గుర్తుంటుంది.

హీటర్ పక్కన కూర్చుని, కెమెరా వెనక మూత తీసి షట్టర్ నొక్కాడు. లోపలి గుడ్డతెర ఈ చివరి నుంచి ఆ చివరికి చక్కగా పరిగెత్తింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పరిగెత్తింది.

"చూశారా? ఎక్కడా ఆగట్లేదు."

"ఇక్కడ ఆగదు. అక్కడికి తీసుకెళ్తేనే మొరాయిస్తుంది."

"అక్కడంటే?"

"ఒక చల్లటి గది."

"చల్లటి గదిలో ఏం తీస్తారు మీరు?"

నోరీన్ ఉన్ని కోటు గుండీ పెట్టుకుంది. "అది బయట చెప్పకూడదు."

ఆల్విన్‌కి తలా తోకా తెలియలేదు. ఈ వయసులో ఈవిడకి చల్లటి గదేమిటి, అందులో రహస్యమేమిటి?

రేవులో చేపలమ్మే క్లెమ్ అప్పటిదాకా హీటర్ దగ్గర చేతులు కాచుకుంటూ ఇదంతా వింటున్నాడు.

"చల్లటి గదంటే మా చేపల గిడ్డంగే! ఏంటమ్మా, మా చేపలకి పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తున్నారా?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వాళ్ళ నవ్వు అయ్యేదాకా నోరీన్ ఆగింది.

"అంటార్కిటికా ఓడలెక్కేవాళ్ళకి లోపలి గ్రీజంతా కడిగేసి పొడిగా చేసిస్తావటగా? నాకూ అలా చేసిపెట్టు. చలికి గ్రీజు గడ్డకట్టి తెర మధ్యలో ఆగిపోతోందేమోనని నా అనుమానం."

ఆల్విన్‌కి ఎక్కడో కాలింది. షాపుకొచ్చినవాళ్ళు తనకి పని చెప్పడం అతనికి గిట్టదు.

"జబ్బూ మీరే చెప్పి, మందూ మీరే రాసిస్తే మధ్యలో నేనెందుకండీ? గ్రీజు లేకపోతే పళ్ళచక్రాలు అరిగిపోతాయి. చేపల ఫోటోల కోసం బంగారంలాంటి కెమెరాని పాడుచెయ్యమంటారా?"

"అరిగితే అరగనీ. నాకు రెండోసారి తీసే వీలుండదు బాబూ. ఆ రోజు పోతే పోయినట్టే."

"పోనీ, ఫోన్‌తో తీసుకోరాదూ?"

"ఫోన్లోవి అప్పటికప్పుడు చెరిపేసుకుంటారు. తర్వాత బాధపడతారు. ఫిల్మైతే నా దగ్గర భద్రంగా ఉంటుంది."

ఎవరు చెరుపుతారు? ఎందుకు బాధపడతారు? ఆల్విన్‌కి బుర్ర వేడెక్కింది. ఈవిడకి కాస్త మతి తప్పిందేమో అనిపించింది.

ఇంకోసారి షట్టర్ నొక్కాడు. తెర హాయిగా పరిగెత్తింది. కెమెరాని మూసి ఆవిడ వైపు తోశాడు.

"ఇందులో ఏ లోపమూ లేదు. నా మాట నమ్మండి. దయచేసి మళ్ళీ దీన్ని ఇక్కడికి తేకండి."

నోరీన్ అతని ముఖంలోకి చూసింది.

"సరే, నమ్ముతాను. ఈ ఊళ్ళో నువ్వు తప్ప నాకింకెవరున్నారు?"

కెమెరాని కోటు లోపల పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలోనే ఆల్విన్ కూతురు బ్రాన్వెన్‌కి నెలలు నిండకుండా కాన్పయింది. పాప ఊపిరి లేకుండా పుట్టింది.

"ఒక్కసారి చూడు నాన్నా," అని ఆస్పత్రిలో బతిమాలింది కూతురు.

ఆల్విన్ గుమ్మం దాటలేకపోయాడు. చూస్తే ఇక మరిచిపోలేనని భయమేసింది. నేరుగా షాపుకొచ్చి తలుపేసుకుని కూర్చున్నాడు.

చూడకపోయినా మరిచిపోలేదు, పాపం. ఏ కెమెరా విప్పినా అదే ఆలోచన. పాప ఎలా ఉండేది? తనలాగే గడ్డం మీద నొక్కు ఉండేదా? కూతుర్ని అడగడానికి నోరు రాలేదు. చూడమన్నప్పుడు పారిపోయినవాడు ఏ ముఖంతో అడుగుతాడు?

ఎండలు వచ్చాక ఒకరోజు ఇక ఉండబట్టలేక కూతురింటికి వెళ్ళాడు.

"అమ్మా... పాప ఫోటో ఏదైనా ఉందా?"

బ్రాన్వెన్ లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చింది.

"ఉన్నవి ఇవే నాన్నా. అన్నీ ఒకేలా వచ్చాయి."

ఆల్విన్ అందులోంచి ఒక ఫోటో తీశాడు.

తెల్లటి దుప్పటి. గుప్పెట ముడిచిన బుల్లి చెయ్యి. దాన్ని పట్టుకున్న బ్రాన్వెన్ వేలు. ముఖం ఉండాల్సిన వైపంతా నలుపు.

అతనికి ఆ నలుపు తెలుసు. తెర సగంలో ఆగిపోతే పడే నలుపు అది.

"ఎవరు తీశారు?" అన్నాడు.

"ఒక పెద్దావిడ. ఇలాంటి పిల్లల్ని చల్లటి గదిలో ఉంచుతారు కదా? ఆస్పత్రి వాళ్ళు పిలిస్తే వచ్చి, వాళ్ళ అమ్మానాన్నల కోసం ఫోటో తీస్తుందట. ఎన్నో ఏళ్ళుగా అదే పని. పైసా తీసుకోదు. ఫోటోలు తెచ్చిచ్చిన రోజు, ఇలా వచ్చాయని నాకంటే ఎక్కువ ఏడ్చింది."

ఆల్విన్ కవరులోని మిగతా ఫోటోలు కూడా తీసి చూశాడు.

"చలికి కెమెరా ఆగిపోయింది తల్లీ అంది. మా నాన్న కెమెరాలే బాగుచేస్తాడు, పేరు ఆల్విన్, ఆయనకి చూపించండి అన్నాను."

"ఏమంది?"

"అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు నాన్నా. అంతవరకూ కెమెరాదే తప్పన్న నోరీన్ గారు, నీ పేరు వినగానే నా చెయ్యి పట్టుకుని, 'కాదమ్మా, నా చేతులే వణికాయి, ఆయనతో ఏమీ అనకు' అంది."