బ్లాక్‌లిక్ నీలం

హాలిస్ ప్రూయిట్ పేరెత్తితే చాలు, వెర్నన్ స్లేగల్‌కి నోట్లో కాఫీ చేదెక్కుతుంది.

కిందటేడు రైలు బొమ్మల పోటీలో వెర్నన్ బ్లాక్‌లిక్ రైల్వే ఇంజన్ బొమ్మను నీలం రంగులో పెట్టాడు. జడ్జీ హాలిస్. రిటైరైన లెక్కల మాస్టారు, జన్మలో స్పానరు పట్టిన మనిషి కాదు. రంగు తప్పని మార్కులు కోసేశాడు. కార్ల సైలెన్సర్లు బాగుచేసుకునే వెర్నన్ లాంటివాళ్లకి చరిత్ర ఎందుకని నలుగురిలో నవ్వాడు కూడా. ఆధారం ఉంటే పట్టుకురమ్మన్నాడు.

బ్లాక్‌లిక్ రైల్వే మూతపడి యాభై ఏళ్లయింది. దాని డీజిల్ ఇంజన్లలో మిగిలింది ఒక్కటే, 412 నంబరుది. ఊళ్లో మ్యూజియం ముందు వంకాయ రంగులో నిగనిగలాడుతూ నిలబడి ఉంటుంది. ఆ మ్యూజియానికి పెద్ద కూడా హాలిసే.

వెర్నన్ ఏడాదంతా తిరిగాడు. పాత ఫోటోలు దొరికాయి కానీ వాటిని నమ్మడానికి లేదు. పాతబడిన ఫోటో స్లైడుల్లో నీలం ఎర్రబడి వంకాయకు తిరుగుతుంది. ఎన్నో ఏళ్ల కిందట ఈ సంగతి తెలిసేసరికే అతని మొదటి బొమ్మలు అయిదారు పాడయ్యాయి. వాటితో బల్ల నిండిపోతే భార్య డోరీన్ విసుక్కుని, అన్నం ఎక్కడ పెట్టనని చర్చి సంతకు పంపేసింది.

చివరికి వృద్ధాశ్రమంలో ఆర్వల్ జీమన్ దొరికాడు. తొంభై ఏళ్లు. ఇరవై ఏళ్ల పాటు ఆ ఇంజన్లకు రంగు వేసిన చెయ్యి.

"నీలం కాక ఇంకేం అబ్బాయ్. నేను చచ్చాననుకుని ఆ వంకాయ పూశారు" అన్నాడు.

మంచం కింద నుంచి తన పాత టిఫిను డబ్బా తీయించాడు. రైల్వే వర్క్‌షాపులో మిగిలిన రంగుతో ఇంటి సామాను పూసుకోవడం అప్పట్లో పనివాళ్లందరికీ అలవాటే. సగం ఊరి కోళ్లగూళ్లు ఆ రంగులోనే ఉండేవి. డబ్బా పైన పెచ్చులూడిపోయింది. మూత లోపల మాత్రం ఎండ తగలని నీలం, నిన్న వేసినట్టుంది.

మొదటి బహుమతి వచ్చిన బొమ్మను మ్యూజియం గాజు పెట్టెలో ఏడాది పాటు ఉంచుతారు. ఆర్వల్‌కి కావాల్సింది అదే.

"వచ్చేపోయేవాళ్లు ఆ వంకాయ నా పనే అనుకుంటున్నారు. ఒక్కసారి నా నీలం అందులో కనబడితే చాలు. తర్వాత ఎప్పుడు పోయినా ఫర్లేదు."

వెర్నన్ ఆ మూత పక్కన పెట్టుకుని పదకొండు సార్లు రంగు కలిపాడు. పన్నెండోసారి కుదిరింది.

పోటీ రోజు ఆర్వల్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. డబ్బా ముసలాయన ఒళ్లో ఉంది. హాలిస్ మూత తెరిచి చూశాడు, బొమ్మను చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు.

"డబ్బా బాగుంది వెర్నన్. అందులో శాండ్‌విచ్ పెట్టుకో. అసలు ఇంజనే గుమ్మంలో ఉంటే డబ్బాలతో నాకేం పని?"

నాలుగు మార్కుల తేడాతో మొదటి బహుమతి ఎవరిదో బొగ్గు వ్యాగన్‌కి పోయింది. ఆర్వల్ డబ్బా మూత నెమ్మదిగా మూసుకున్నాడు.

అది చూసి వెర్నన్ ఆగలేకపోయాడు. "అసలు ఇంజన్‌కి రంగు దేన్ని చూసి వేశారు మాస్టారూ? ఆ ఆధారం నాకూ చూపించండి."

హాలిస్ ఆ మాట కోసమే కాచుకున్నట్టు లోపలికెళ్లాడు. మఖమలు పరిచిన చిన్న పెట్టె తెచ్చాడు. అందులో అరచేతిలో పట్టే 412, వంకాయ రంగులో.

"రైల్వే కంపెనీ తన వర్క్‌షాపులోనే చేయించుకున్న నమూనా ఇది. దీన్ని చూపించే డ్రమ్ముల కొద్దీ రంగు కలిపించాం. ఆ పనితనం చూడు. దీన్ని చేసినవాడి కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి నువ్వు."

వెర్నన్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత రెండు కొసలూ వేళ్లతో నొక్కి, ఇంజన్ పైడొప్పను మెల్లిగా ఊడదీశాడు.

లోపల, రంగు అంటని చోట, సూదితో గీకిన తన పేరుంది. అడుగున డోరీన్ చేతిరాతలో చర్చి సంత చీటీ, పన్నెండు డాలర్లు.