కుందన పెట్టిన తోడు

గోడలోని కుళాయి తిప్పితే పాలొచ్చే కాలం అది. ఆ యంత్రపు పాలలో పాత తోడు ఏదీ బతకలేదు. పెరుగూ కుళాయిలోంచే రావలసి వచ్చింది. ఏయే అణువులు ఆ పాలలో కలిస్తే తమలాంటివాటిని తామే పుట్టించుకుంటాయో కుందన కాగితం మీద లెక్కగట్టి, పీహెచ్‌డీకి సమర్పించింది.

వైవా రోజున వంటింటి గోడ మీది తెరలో పరీక్షకుడు ప్రత్యక్షమయ్యాడు. కుందన తన లెక్క ప్రకారం అణువులు కలిపిన గిన్నె మూత తీసి చూపింది. పాలు గడ్డకట్టి ఉన్నాయి.

"పులుపు తగిలినా పాలు గడ్డకడతాయి తల్లీ. దీనికి ప్రాణముందని ఎట్లా నమ్మేది?" అన్నాడాయన.

నమ్మించలేకపోతే డాక్టరేటు రాదు. బిడియస్తురాలైన కుందన తల వంచుకుని గిన్నె అంచు తుడవసాగింది.

"చెప్పవే, నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని పక్కనే ఉన్న అవ్వ కసిరింది.

కుందన ఆ గిన్నెలోంచి ఒక చెంచాడు తీసి, వేరే గోరువెచ్చని పాలలో కలిపి మూతపెట్టింది. "ప్రాణముంటే ఈ చెంచాడే గిన్నెడవుతుంది సార్. రేపు చూడండి," అంది నేలచూపులతో.

మర్నాడు పొద్దున్నే ఆయన మళ్లీ తెర మీదికి వచ్చాడు. కుందన కొత్త గిన్నెను వంచింది. ఒక్క చుక్క జారలేదు. అవ్వ వేలితో తీసి నాకి, "ఒసేయ్, పెరుగే!" అని కేకపెట్టింది.

ఆ కేకకు పక్కింటి రమీజత్త లోటాతో పరుగెత్తుకొచ్చింది. "రొంత తోడు ఇస్తావా అమ్మీ?"

"తీస్కపో అత్తా! రేపు నువ్వు ఇంకో ఇంటికి ఇయ్యాల," అంది కుందన, గోడ మీది పెద్దమనిషిని మరిచిపోయి, వీధంతా వినబడేట్టు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "డాక్టర్ కుందన గారూ, మా ఇంటికీ ఒక చెంచాడు పంపుతారా?"