ఎనిమిదింటి సీటు

ఫారాల కట్టలో అన్నిటికంటే పైన జెనెలిన్ ఫారం ఉంది. మారివిక్ దాన్ని చదవలేదు. పేరు కనపడగానే బోర్లించి, దాని మీద కాఫీ కప్పు పెట్టింది.

ఫిలిప్పీన్స్‌లో సెబూ నగరంలోని ఆ కాల్ సెంటర్లో ఎవరు ఏ వేళకి రావాలో నిర్ణయించేది మారివిక్. ఇన్నాళ్ళూ వారం వారం మార్చేది. ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒక్కొక్కరి పేరుకి ఒక షిఫ్టు ఎక్కించి తాళం వేస్తే ఇక ఆరు నెలలు అంతే, తలకిందులుగా తపస్సు చేసినా మారదు.

రాత్రి జట్టులో ఇరవై మంది ఉన్నారు. వాళ్ళ కోసం పగటి సీటు ఒక్కటంటే ఒక్కటి ఖాళీ అయింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా, అంటే మారివిక్ పనిచేసే వేళలే. పనితీరు మార్కుల్లో ముందున్నవాళ్ళకి ముందు వంతు. అక్కర్లేనివాళ్ళు ఆ మాట ఫారంలో రాసి వంతు వదులుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. మొదటి పేరు జెనెలిన్‌ది. మారివిక్ మొగుడు రోడెల్ పేరు పంతొమ్మిదోది. మొగుడి కోసం వేలు పెట్టిందన్న మాట పడకూడదని మూడేళ్ళుగా ఆమె ఆ పేరు జోలికి పోలేదు. అతను లేచిన మంచం మీద తను పడుకోవడం, తను లేచిన మంచం మీద అతను పడుకోవడం. కాపురమంటే పొద్దున గేటు దగ్గర మాట్లాడుకునే పది నిమిషాలే.

ఆ పది నిమిషాలు కూడా నెల రోజులుగా జెనెలిన్ పాలయ్యాయి.

మారివిక్ కిటికీ అద్దంలోంచి కిందికి చూసింది. ఇవాళా అంతే. షిఫ్టు దిగిన ఇద్దరూ టురోన్ బండి దగ్గర నిలబడ్డారు. వేడి వేడి అరటిపండు చుట్టలు రోడెల్ కొని అందిస్తున్నాడు, ఆవిడగారు పాకం కారిన వేళ్ళు నాకుతూ నవ్వుతోంది. మూడేళ్ళలో తనకి ఒక్క టురోన్ కొనిపెట్టిన పాపాన పోలేదు ఈ మహానుభావుడు. ఏమిటా ముచ్చట్లని మొన్న అడిగితే, ఆఫీసు గొడవలేనని నవ్వి మాట మార్చేశాడు.

జెనెలిన్ రాత్రి షిఫ్టు వదలదని అందరికీ తెలుసు. రాత్రి పనికి ఇచ్చే అదనపు డబ్బు కోసమని వాళ్ళంటారు. దేనికోసమో మారివిక్‌కి తెలుసు.

పగటి సీటు ఎదురుగా జెనెలిన్ పేరు ఎక్కించింది. రోడెల్ పేరు ఎదురుగా రాత్రి షిఫ్టు ఎక్కించింది. కానిదానికి పిలిచి పీట వేసినట్టే ఉంది, ఆ మాట నిజం. పోనీ, ఆ నవ్వేదో ఇకనుంచి తన కళ్ళముందే నవ్వుతుంది, ఆరు నెలల్లో అన్నీ చల్లారతాయి.

మేనేజరు ఎడ్గార్ తలుపులోంచి తొంగి చూశాడు. ఫారాలన్నీ చూశావా అని అడిగాడు. చూశానంది. ఆయన చూపు తెర మీది పేర్లపైకి వెళ్ళింది.

"జెనెలిన్ పగటికి వస్తానందా? వింతగా ఉందే."

"మొదటి వంతు ఆమెదే కద సార్. న్యాయం ఎవరికైనా ఒకటే" అంది మారివిక్, కప్పు కొంచెం ఇటు జరిపి.

ఆయన వెళ్ళగానే తాళం వేసేసింది. ఎవరి షిఫ్టు ఏదో వాళ్ళ వాళ్ళ ఫోన్లకి వెళ్ళిపోయింది.

కింద ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగినట్టున్నాయి. ఇద్దరూ తీసి చూసుకున్నారు. జెనెలిన్ నవ్వు ఆగిపోయింది. రోడెల్ చేతిలో టురోన్ కిందపడింది. అతను మెల్లిగా వెళ్ళి పేవ్‌మెంట్ మీద కూలబడి, తల చేతుల్లో పెట్టుకున్నాడు.

మారివిక్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూశావా, అది పక్కన లేకపోతే అంత కష్టమన్నమాట. ఇంక అనుమానమెందుకు, సాక్ష్యం నడివీధిలో కూర్చునుంది. మంచిపని చేశానని తనకి తనే చెప్పుకుంది.

అయిదు నిమిషాల్లో జెనెలిన్ మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతూ టేబుల్ పట్టుకుని నిలబడింది.

"అక్కా, ఇదేంటి? తాళం తియ్యడానికి కుదురుద్దా?"

"కుదరదు. ఆరు నెలలు."

"నా ఫారం చదివావా అసలు?"

"చదివే వేశాను. పగటి సీటంటే ఎగిరి గంతెయ్యాలి గానీ ఏడుపు దేనికమ్మా? రాత్రిళ్ళు వదల్లేనంత రాచకార్యం ఏముంది నీకక్కడ?"

జెనెలిన్ మొహం ఎర్రబడింది. ఆమె చూపు టేబుల్ మీద కప్పు దగ్గర ఆగింది. కప్పు తీసి పక్కన పెట్టి, కింద ఉన్న కాగితాన్ని వెల్లకిలా తిప్పి మారివిక్ ముందుకి తోసింది.

"చదివానన్నావుగా. మళ్ళీ చదువు."

కాగితంలోకి దిగిన కాఫీ మరక మధ్యలో జెనెలిన్ చేతిరాత ఇలా ఉంది:

'నా వంతు రోడెల్‌కి ఇస్తున్నాను. నెల రోజులుగా టురోన్లు తినిపించి మరీ బతిమాలుతున్నాడు. వాళ్ళావిడతో కలిసి రాత్రి అన్నం తిని మూడేళ్ళయిందట.'