కొండెక్కిన క్యారేజీ

“నడకా? నానా నడిసేది? సత్తే సత్తాను గానీ నడవనమ్మా!” అంది రత్నాలు, కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

హుకుంపేట సంతవీధిలో కిరాణా కొట్టు రత్నాలుది. పొద్దున్నే గల్లా దగ్గర కుర్చీలో కూర్చుందంటే మళ్లీ రాత్రి షట్టరు దించేటప్పుడే లేవడం. ఇప్పుడు షుగరు పెరిగి కూర్చుంది. మళ్లీ పరీక్ష చేసేనాటికి తగ్గకపోతే రోజూ ఇన్సులిన్ సూది తప్పదని డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. సూది మాటెత్తితేనే రత్నాలుకు పై ప్రాణాలు పైనే పోతాయి. అయినా సరే, నడక మాత్రం వద్దంటే వద్దు.

నర్సు మౌనిక అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఈమధ్యే ట్రైనింగుకు వెళ్లొచ్చింది. కదలని మనిషిని రోగం పేరు చెప్పి భయపెట్టకూడదట, ఆ మనిషికి ఏది ప్రాణమో కనుక్కోవాలట.

“సరే, నడక సంగతి వదిలేద్దాం. ఒక్క మాట చెప్పు పిన్నీ. ఈ లోకంలో నీకు అన్నిటికన్నా ఏది ముఖ్యం?”

“అన్నం పెట్టడం.” రత్నాలు తడుముకోలేదు. “మాయమ్మ నేర్పిన బుద్ది. నాకు తెలిసిన మనిషి ఆకలితో ఉన్నాదంటే నాకు ముద్ద దిగదు.”

మౌనిక కళ్లు మెరిశాయి.

“అయితే కొండమీద సోములమ్మ ఉంది, తెలుసు కదా? అక్క పోయినప్పటి నుంచి ఒంటరిది. పొద్దున్న కాసింత అంబలి తాగి చోడి పొలంలో, అదే రాగి చేలో, దిగితే మళ్లీ చీకటి పడ్డాకే తిండి. ఒక్కదాని కోసం మధ్యాహ్నం పొయ్యి ఎందుకులే అంటుంది.”

“అయ్యో! ముందే సెప్పవేటి? రేపే ఎవులి సేతైనా క్యారేజీ పంపిత్తాను.”

“ఎవరి చేతో పంపితే అది పార్సిలు అవుతుంది పిన్నీ. పెట్టడం అవదు.”

రత్నాలు తన కాళ్లకేసి చూసుకుంది. ఆ కొండకు జీపు వెళ్లదని ఆవిడకూ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం గల్లాను మొగుడు సర్వేశ్వరరావుకు అప్పగించి, క్యారేజీ పట్టుకుని కొండదారి ఎక్కింది. దారిలో కనబడ్డ ప్రతి రాయి మీదా కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ మౌనికను తిట్టుకుంది. తీరా పైకి చేరితే సోములమ్మ గుమ్మానికి తడిక అడ్డం పెట్టి ఉంది. మనిషి పొలంలో ఉంది. ఏ పొలమో తెలియదు. ఏడుపొక్కటే తక్కువగా క్యారేజీతో కిందికి దిగింది రత్నాలు.

ఆ సాయంత్రమే సోములమ్మ కొట్టుకు పరుగెత్తుకొచ్చింది. అంత కొండా దిగొచ్చినా ఆయాసం లేదు. కళ్లలో మాత్రం నీళ్లు.

“నా గుమ్మం కాడికి అన్నం వచ్చి ఎనక్కి పోయిందంట! మావోళ్లు నన్ను మనిసిలాగ సూత్తారా సావుకారమ్మా? రేపు నువ్వు తప్పకండా రావాల.”

“ఎందుకు రానూ! బంగారంలాగ వత్తాను” అంది రత్నాలు.

అన్నట్టే వెళ్లింది. ఆ తర్వాత మానలేదు. ముసురు పట్టినా, మంచు దిగినా మధ్యాహ్నమయ్యేసరికి క్యారేజీ కొండెక్కాల్సిందే. ఒకరోజు నెయ్యన్నం, ఆవపెట్టిన పనసపొట్టు. ఇంకోరోజు పులిహోర, బూరెలు. దారిలో రాళ్ల అవసరం మెల్లగా తీరిపోయింది. జాకెట్లు వదులయ్యాయి. “ఆ సోములమ్మ ఎంత మంచిదో! నానెప్పుడు పోయినా అరుగు మీద కూకుని నాకోసమే సూత్తంటాది” అని కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

పరీక్ష చేస్తే షుగరు దిగింది. సూది అక్కర్లేదన్నారు డాక్టరుగారు. మౌనికకైతే పట్టపగ్గాల్లేవు. ఇదే ఉపాయంతో మన్యంలో కుర్చీలు పట్టుకు వేలాడే వాళ్లందర్నీ నడిపించేస్తాననుకుంది. వాళ్లకు చూపించడానికి రత్నాలునూ సోములమ్మనూ కలిపి ఫోటో తీద్దామని, భుజానికి బ్యాగు తగిలించుకుని తనూ కొండకు బయల్దేరింది. సగం దారిలోనే రొప్పడం మొదలుపెట్టింది.

“బేగి రా నర్సమ్మా, కూర సల్లారిపోతాది!” పై మలుపులోంచి కేకేసింది రత్నాలు.

సోములమ్మ అరుగు మీదే ఉంది. “రండి, రండి” అని నోరారా పిలిచింది గానీ లేవలేకపోయింది. మౌనిక చెయ్యి అందిస్తే మూలుగుతూ లేచింది. మొహం ఉబ్బి ఉంది. మోకాళ్లు పట్టేశాయి. మౌనికకు అనుమానమొచ్చి బ్యాగులోంచి బీపీ మిషను తీసి చేతికి చుట్టింది. అంకె చూసి గాభరా పడింది. ఇంటి వెనక దూరంగా వాలులో ఉన్న సోములమ్మ చోడి పొలం కేసి చూస్తే చోళ్లకన్నా కలుపే ఏపుగా కనబడింది.

“ఇదేంటి సోములమ్మా! పొలానికి వెళ్లడం లేదా?”

“ఎలాగెల్తానమ్మా? సావుకారమ్మ ఏ ఏలకి వత్తాదో ఏటో! ఆయమ్మ అంత కొండెక్కి వచ్చేసరికి మల్లీ తడిక అడ్డం ఉంటే నాను బతికేటి లాబం? అందుకే పొద్దు పొడిసిన కాడి నుంచి ఈ అరుగు దిగడం మానేసినాను.”

మౌనిక ఫోటో తీద్దామని పట్టుకున్న ఫోను మెల్లగా బ్యాగులో పెట్టేసింది.

రత్నాలు మాత్రం ఏమాత్రం తొణకలేదు. “నువ్వు కంగారు పడకు నర్సమ్మా. ఈ మనిసికి ఏది ముక్కెమో నాకు తెలిసిపోనాది. ఇంక నానొదల్ను” అని ధీమాగా సోములమ్మ వైపు తిరిగింది.

“ఇదిగో, రేపట్నించీ నువ్వే మా కొట్టుకి బోజనానికి రావాల. నువ్వు కొండ దిగొచ్చిందాకా నాను ముద్ద ముట్టను, గుమ్మం ముయ్యను, కుర్సీలోంచి లెగను!”